ఆటలోని కోవర్టును సైబర్ నేరగాడు అనకండి

సంపాదకులకు నమస్కారం.

ఆన్‌లైన్ యుద్ధ క్రీడల మీద ఆదివారం మీరు వేసిన వ్యాసం చదివాను. శత్రువుల కూటమిలోకి మారుపేరుతో చేరి, నమ్మకం సంపాదించి, లోపలి నుంచి దెబ్బకొట్టే ఆటగాళ్లను, పాస్‌వర్డులు కొట్టేసేవాళ్లను, ఇంటి చిరునామాలు బయటపెట్టి బెదిరించేవాళ్లను అందులో ఒకే గాటన కట్టేశారు. నేను చాలా ఏళ్లుగా ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష యుద్ధ క్రీడ ఆడుతున్నాను. మా కార్పొరేషన్‌లో, అంటే ఆటలోని మా జట్టులో, చేరడానికి వచ్చినవాళ్లను వడపోసే బాధ్యత నాది. కోవర్టులను పట్టుకోవడమే నా పని, వాళ్ల వల్ల నష్టపోయినదాన్ని కూడా. అయినా ఈ విషయంలో వాళ్ల తరఫునే మాట్లాడాలనిపించి రాస్తున్నాను.

ఆట తెలియని పాఠకుల కోసం కొంచెం చెబుతాను. ఐస్‌లాండ్‌కు చెందిన సీసీపీ గేమ్స్ 2003లో దీన్ని విడుదల చేసింది. అంతరిక్షంలో వేల నక్షత్ర వ్యవస్థలు. గనులు తవ్వడం, నౌకలు కట్టడం, వ్యాపారం, యుద్ధం అన్నీ ఆటగాళ్ల చేతుల్లోనే ఉంటాయి. కొందరు కలిస్తే కార్పొరేషన్, కార్పొరేషన్లు కలిస్తే కూటమి. వాటికి ఖజానాలుంటాయి, గిడ్డంగులుంటాయి, ఎవరికి ఏ తాళం చెవి ఇవ్వాలో తేల్చే సీఈవో, డైరెక్టర్లు ఉంటారు. ఇక్కడి డబ్బు ఐఎస్‌కె. అసలు డబ్బుతో ప్లెక్స్ అనేది కొని, దాన్ని ఆటలో ఐఎస్‌కెకు అమ్ముకోవచ్చు. అందుకే కూలిన నౌకలకు డాలర్లలో లెక్క కడతారు. 2014 జనవరిలో బి-ఆర్5ఆర్‌బి అనే చోట 21 గంటలు సాగిన యుద్ధంలో ఆటలోకెల్లా పెద్దవైన టైటాన్ నౌకలు 75 కూలితే, 3 లక్షల డాలర్ల పైచిలుకు నష్టమని పత్రికలు రాశాయి. ఆ డాలర్ల లెక్క చూసే, బయటివాళ్లకు ఇదంతా నిజమైన దొంగతనంలా కనిపిస్తుందని నా అనుమానం.

ఈ ఆటలో గూఢచర్యం కొత్తది కాదు. 2005లోనే గైడింగ్ హ్యాండ్ సోషల్ క్లబ్ అనే కిరాయి బృందం, ఉబిక్వా సెరాఫ్ అనే కార్పొరేషన్‌లోకి మనుషుల్ని పంపింది. వాళ్లు ఏడాది పాటు అక్కడ బుద్ధిగా పనిచేశారు. ఒకరైతే సీఈవోకు కుడిభుజం స్థాయికి ఎదిగారు. సమయం చూసి సంకేతం అందగానే అన్ని గిడ్డంగులూ ఒకేసారి ఊడ్చేశారు, సీఈవో ప్రయాణిస్తున్న నౌకను కూల్చేశారు. పోయినదాని విలువ 30 బిలియన్ ఐఎస్‌కె దాకా, అప్పటి రేట్ల ప్రకారం 16,500 డాలర్లు అన్నారు. కంపెనీ ఎవరినీ శిక్షించలేదు, ఎందుకంటే ఎవరూ నియమం తప్పలేదు. క్రికెట్‌లో బౌలర్ గూగ్లీ వేసి బ్యాట్స్‌మన్‌ను బోల్తా కొట్టిస్తే మోసం అనం, అదే బౌలర్ బంతిని గోకితే అంటాం. ఆట నియమాలు అనుమతించిన వంచన, నియమాల బయట చేసిన వంచన రెండూ ఒకటి కావు. మీ వ్యాసంలో ఈ తేడా ఎక్కడా కనిపించలేదు.

2009 ఫిబ్రవరిలో జరిగింది ఇంకా ముఖ్యమైనది. అప్పటికి బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్ అనే కూటమికి ఎదురులేదు. దాని ప్రధాన కార్పొరేషన్‌లోని ఒక డైరెక్టరే అసంతృప్తితో శత్రువైన గూన్‌స్వార్మ్ దగ్గరికి వెళ్లాడు. అతన్ని ఎవరూ నాటలేదు, తనంతట తానే వచ్చాడు. తన చేతిలో ఉన్న అధికారంతో సభ్య కార్పొరేషన్లను బయటికి పంపి, కూటమినే రద్దు చేసేశాడు. కూటమి పేరు లేకపోతే డెల్వ్ ప్రాంతం మీద వాళ్ల హక్కూ లేదు, ఆ హక్కు మీద ఆధారపడిన రక్షణ ఏర్పాట్లూ లేవు. శత్రువులు ఆ పేరును వెంటనే తమ పేరిట రిజిస్టర్ చేసుకోవడంతో మళ్లీ అదే పేరుతో నిలబడే వీలూ పోయింది. ఏళ్ల తరబడి యుద్ధం చేసినా కూలని కోట, ఒక్క తూటా పేలకుండా కూలింది.

వృత్తిరీత్యా నేను ఆడిటర్‌ను. నాకు ఈ కథలో వెన్నుపోటు కంటే, ఒక్క మనిషి చేతిలో అన్ని అధికారాలు ఉండటమే పెద్దగా కనిపిస్తుంది. ఈవ్‌లో ప్రతి కార్పొరేషన్‌కూ ఏడు గిడ్డంగి అరలు, ఏడు ఖజానా ఖాతాలు ఉంటాయి. దేనికి ఎవరిని అనుమతించాలో విడివిడిగా పెట్టుకోవచ్చు. కానీ డైరెక్టర్ హోదా ఇస్తే అన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. బద్ధకానికో, స్నేహానికో పోయి ఆ హోదాను పంచిపెట్టిన కార్పొరేషన్లే ఎక్కువగా మునిగాయి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, తాళాలు విడివిడిగా పెట్టుకున్న ఇంట్లో ఆ దొంగ పట్టుకుపోయేది ఒక గదిలోదే.

వడపోత ఎలా ఉంటుందో కూడా చెబుతాను. చేరాలనుకున్నవాళ్లు తమ పాత్రల వివరాలు చూసేందుకు మాకు అనుమతి ఇవ్వాలి. ఎవరి నుంచి డబ్బు వచ్చింది, ఎవరితో ఉత్తరాలు నడిచాయి, ఏయే నౌకలు పోగొట్టుకున్నారు, ఇవన్నీ చూస్తాం. నాకు మరీ శుభ్రంగా ఉన్న ఖాతా మీదే ఎక్కువ అనుమానం. పాత్ర వయసు ఏళ్లుంటుంది, మెయిల్ పెట్టె మాత్రం ఖాళీ. ఆటలో పాత్రలను అధికారికంగానే అమ్ముకోవచ్చు కాబట్టి, పాత పాత్రలో కొత్త మనిషి ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

ఒక దశలో మా దండు ఎటు కదిలినా శత్రువు ముందే కాచుక్కూర్చుంటున్నాడు. మా దళాధిపతి అందరికీ పంపినట్టే సందేశం పంపి, కలుసుకోవాల్సిన గేటు (ఒక నక్షత్ర వ్యవస్థ నుంచి ఇంకోదానికి దాటే ద్వారం) పేరు మాత్రం ఒక్కో స్క్వాడ్‌కు ఒక్కోటి రాశాడు. ప్రతి గేటు దగ్గరా ఎవరికీ కనిపించకుండా క్లోక్ వేసుకున్న మా చిన్న నౌక ఒకటి పెట్టాం. కాసేపటికి ఒక గేటు దగ్గర దారి అడ్డుకునే శత్రువుల నౌక, ఇంటర్‌డిక్టర్, దిగి, ఎవరూ తప్పించుకుపోకుండా బబుల్ వేసింది. మిగతా గేట్ల దగ్గర అలికిడి లేదు. ఆ స్క్వాడ్‌లోనే మళ్లీ అదే పద్ధతిలో వడగడితే, చివరికి మిగిలింది మా రిపేరు నౌకల పైలట్. యుద్ధంలో నా నౌక కూలిపోకుండా ఎన్నోసార్లు నిలబెట్టినవాడు. చాలా బాధపడ్డాను. తొలగించిన రోజు అతను నాకు మెయిల్ పెట్టాడు. నా వడపోతలో తనను ఏ ప్రశ్న ఇబ్బంది పెట్టిందో, ఏది సులువుగా దాటాడో వివరంగా రాశాడు. ఆ మెయిల్ చూసే నా ప్రశ్నలు మార్చుకున్నాను. మీ వ్యాసం నేరగాడన్నది ఇలాంటి మనిషినే.

నిజానికి దొంగతనం కంటే ప్రమాదకరమైన కోవర్టు ఇంకొకడున్నాడు. వాడు ఏమీ ఎత్తుకుపోడు. పోయిన నౌకలకు బదులు నౌకలు నాయకుడి స్నేహితులకే ఇస్తున్నారటగా అని ఒకరితో అంటాడు. ఈ యుద్ధం మనకెందుకు అని ఇంకొకరితో నిట్టూరుస్తాడు. ఓడిన రాత్రి వాయిస్ చానల్లో ఎవరి తప్పో తేల్చమని గొడవ పెడతాడు. కొన్నాళ్లకు పిలిచినా ఎవరూ లాగిన్ కారు. ఓటమి వెంట ఓటమి వచ్చి కూటమి ఇలా విచ్చిపోవడాన్ని మేం ఫెయిల్ కాస్కేడ్ అంటాం. దీనికి తాళాలు పనిచేయవు. నష్టపరిహారం లెక్కలు అందరికీ కనిపించేలా పెట్టడం, ఓడినప్పుడు నాయకుడే ముందు మాట్లాడటం, ఇవే మాకు పనికొచ్చాయి.

ఇక గీత ఎక్కడ ఉందో ఆట చరిత్రే చూపించింది. 2017 సెప్టెంబరులో సర్కిల్ ఆఫ్ టూ అనే కూటమిలో దౌత్య వ్యవహారాలు చూసే నాయకుడు ట్రిలియన్ ఐఎస్‌కెకు పైగా సొమ్ముతో పోయాడు, కీప్‌స్టార్ కోటను చేతులు మార్చేశాడు. అతని మీద ఏ చర్యా లేదు. ఆ కోపంలో కూటమి అధినేత చాట్‌లో అతని శరీరానికి హాని తలపెట్టే బెదిరింపులకు దిగాడు. కంపెనీ శాశ్వతంగా నిషేధించింది ఆ అధినేతనే. అలాగే 2007లో, కంపెనీ ఉద్యోగి ఒకరు తాను ఆడే కూటమికి విలువైన బ్లూప్రింట్లు అక్రమంగా చేరవేసినట్టు బయటపడింది. ఆటగాళ్లు మండిపడ్డారు. కంపెనీ ఉద్యోగుల మీద నిఘాకు ఒక విభాగం, 2008లో ఆటగాళ్లు ఎన్నుకునే మండలి ఆ తర్వాతే వచ్చాయి. ఆటలోని వెన్నుపోటుకు మేం తిట్టుకుని మళ్లీ ఆడతాం. అంపైరే పక్షపాతం చూపితే, మనిషి ఒంటి మీదికి బెదిరింపు వస్తే ఊరుకోం.

మీ వ్యాసం చదివి మా అక్క నాకు ఫోన్ చేసింది. వాళ్లబ్బాయి కాలేజీలో చదువుతున్నాడు, మా కార్పొరేషన్‌లోనే ఆడతాడు. “ఏమే, వాడికి నువ్వు నేర్పేది ఇదా?” అంది. ఆ పక్కనుంచి వాడు “పిన్నీ, నేను అటు కోవర్టుగా వెళ్తానని అడిగింది అమ్మకు చెప్పకు” అని అరిచాడు. ఫోన్ స్పీకర్‌లో ఉన్నట్టుంది. అక్కకు గంటసేపు చెప్పాను. వాడికి నేను పెట్టిన షరతులు కూడా చెప్పాను: ఎవరి పాస్‌వర్డూ అడగకూడదు, ఎవరి ఊరూ పేరూ ఆరా తీయకూడదు, ఐఎస్‌కెను అసలు డబ్బుకు ఎవరికీ అమ్మకూడదు, ఆట బయట అబద్ధం ఆడకూడదు. అక్క శాంతించింది గానీ, మీ వ్యాసం చదివిన ఇంకెందరి ఇళ్లలో ఇదే గొడవ నడుస్తోందో తెలియదు.

మీరు రాయాల్సిన అసలు నేరాలు వేరే ఉన్నాయి. మా కార్పొరేషన్‌లో ఒకమ్మాయికి ఎవరో లాగిన్ పేజీలా కనిపించే లింక్ పంపి పాస్‌వర్డ్ లాగేశారు. అంతటితో ఆగలేదు. ఆమె అసలు పేరు, ఫొటో, ఉద్యోగం చేసే చోటు వెతికి పట్టి, యుద్ధం మధ్యలో అందరూ చూసే చాట్‌లో పెట్టారు. ఆమె చేతులు వణుకుతుంటే హెడ్‌సెట్ తీసేసి వెళ్లిపోయిందని తర్వాత చెప్పింది. ఆమె మళ్లీ రాలేదు. అది గూఢచర్యం కాదు, దానికి యుద్ధ వ్యూహమనే గౌరవం ఇవ్వకూడదు. కానీ కోవర్టు ఆటనూ దీన్నీ ఒకే పేరుతో పిలిస్తే, బాధితులు ఫిర్యాదు చేసినప్పుడు “ఆటలో ఇవన్నీ మామూలేగా” అనే జవాబే వస్తుంది. ఆమెకు వచ్చింది అదే జవాబు.

అందుకని నా విన్నపం ఒక్కటే. ఈ రెండో రకం గురించి విడిగా ఒక వ్యాసం వేయండి. ఆట ఖాతాకు, ఈమెయిల్‌కు వేర్వేరు పాస్‌వర్డులు ఎందుకుండాలో, రెండంచెల ధ్రువీకరణ ఎలా పెట్టుకోవాలో, బెదిరింపు వస్తే చెరిపేయకుండా తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు ఎలా దాచుకోవాలో, కంపెనీకి ఏం రాయాలో, పోలీసుల దాకా ఎప్పుడు వెళ్లాలో అందులో చెప్పండి. మా కార్పొరేషన్‌లో కొత్తగా చేరే ప్రతి ఒక్కరికీ వడపోత ప్రశ్నలతో పాటు ఆ పేజీ కూడా పంపిస్తాను.

ఇట్లు
మీ పత్రిక పాఠకురాలు