కీర్తనల వర్ణమెట్లు నేర్పిన మా సారు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

మహబూబ్‌నగర్‌లో మూడు తరాలకు క్రైస్తవ కీర్తనలు నేర్పిన మా సంగీతం సారు ఇటీవల ప్రభువునందు నిద్రించారు. పేరు వేయించుకోవడం ఆయనకు ఎన్నడూ ఇష్టం లేదు కనుక ఈ ఉత్తరంలోనూ ఆయన పేరు రాయడం లేదు. అయితే ఆయనతో పాటే మా ప్రాంతపు సంఘాల నుంచి ఏమి పోబోతున్నదో కాపరులు, సంఘ పెద్దలు ఆలోచించాలన్న ఆశతో మీ పత్రికలో కొంత చోటు అడుగుతున్నాను.

పాలమూరుకు 19వ శతాబ్దం చివర బాప్టిస్టు మిషనరీలు వచ్చారు. 1937లో ఆ క్షేత్రం మెన్నొనైట్ బ్రదరన్ మిషన్ చేతికి వచ్చింది. మిషనరీలు తమ దేశపు రాగాలు వెంట తెచ్చుకున్నా, ఊళ్లలో జనం నోట నిలిచినవి మాత్రం తెలుగు కీర్తనలే. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి వంటి కవులు పల్లవి, అనుపల్లవి, చరణాలతో, మన రాగతాళాల్లో కట్టిన ఆ పాటలు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అన్న పుస్తకంగా పాత క్రైస్తవ కుటుంబాలలో బైబిలు పక్కనే ఉంటాయి. మన ఇళ్లలో ఉండే ప్రతులలో పాట పైన రాగం పేరు, తాళం పేరు ఉంటాయే గాని స్వరాలు ఉండవు. వర్ణమెట్టు, అంటే పాట బాణీ, తెలిసినవారు పాడితే విని నేర్చుకోవలసిందే. సాహిత్యం అచ్చులో భద్రంగా ఉన్నా, పాడే తీరు మనుషులలో మాత్రమే బతికి ఉన్నది. అలాంటి మనుషులలో మా సారు ఒకరు.

ఆయన హార్మోనియం నేర్చుకున్నది పౌరాణిక పద్యనాటకాలకు వాయించే ఒక పెద్దాయన దగ్గర. తన గురువు హిందువని, తనకు ముఖారి రాగం చెప్పింది ఆయనేనని ప్రతి కొత్త విద్యార్థికీ మొదటి రోజే చెప్పేవారు. హార్మోనియం మెట్ల మీద గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికే తీరు, పలకదు. ఆ కారణం చూపే 1940లో ఆకాశవాణి ఆ వాద్యాన్ని పక్కన పెట్టి, 1971 వరకు మళ్లీ అనుమతించలేదు. సారు ఆ లోపం ఎరిగిన మనిషి. శుభ శుక్రవారపు కీర్తనలు నేర్పేటప్పుడు కుడిచేయి మెట్ల మీద నుంచి తీసేసి, బెల్లోస్‌తో ఒక్క షడ్జమం (‘స’ స్వరం) మాత్రం పలికిస్తూ, మిగిలినదంతా గొంతుతో చెప్పేవారు. ఎవరైనా స్వరాన్ని తిన్నగా పలికితే ‘ఇంకొంచెం ఊపాలె బిడ్డా’ అని ఆ ఒక్క అక్షరాన్ని పదేపదే అనిపించేవారు. పాశ్చాత్య పద్ధతి పట్ల చిన్నచూపు కూడా ఆయనకు లేదు. క్వాయర్‌కు నాలుగు గొంతులు వేర్వేరుగా కలిసి పాడే పాటలు డో రే మీలతో నేర్పుతూ, అవే మన శంకరాభరణం స్వరాలని హార్మోనియం మీద చూపించేవారు.

శ్రుతి ఎంచుకోవడంలో ఆయన పాటించిన మర్యాద నాకు అన్నిటికంటే ఎక్కువ గుర్తు. వయసు గొంతులకు అనువుగా ఉండే పై శ్రుతి పెట్టకుండా, ముందు వరుసలో చాప మీద కూర్చున్న ముసలమ్మలను చూసి, వారికి పై స్థాయి అందేంత కిందికి దించేవారు. సంఘమంతా పాడలేని పాటకు ఆరాధనలో చోటు లేదన్నది ఆయన నియమం.

నేడు చాలా గుళ్లలో కీబోర్డులో సిద్ధంగా ఉన్న రిథమ్ నొక్కి, దాని వెంట కీర్తనను పరుగెత్తిస్తున్నారు. యంత్రాన్ని నేను తప్పుపట్టడం లేదు. పిల్లలు ఇష్టంగా వాయిస్తున్నారు, సంతోషమే. కాని ఏడు అక్షరాల మిశ్రచాపులో మూడు, నాలుగుగా నడవవలసిన కీర్తనను నాలుగు దెబ్బల లయలోకి లాగినప్పుడు, దీర్ఘం తీయవలసిన చోట మాట తెగుతుంది, తెగవలసిన చోట సాగుతుంది, ప్రార్థనగా రాసిన వాక్యం అర్థం కాకుండా పోతుంది. పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉన్నా వాటిని చదవనివారు ఆరాధన నడిపించడం బాధాకరమైన విషయం.

ఇల్లు ఎలా ఉండాలో కూడా మేము ఆయన ఇంట్లోనే చూశాము. చివరి సంవత్సరాలలో అమ్మగారికి చూపు తగ్గింది. అప్పటినుంచి పొయ్యి దగ్గరి పని సారే చేసేవారు. శనివారం సాయంత్రం మేము సాధనకు వెళ్లేసరికి పీట ముందు కూర్చుని జొన్నరొట్టెలు తడుతూ ఉండేవారు. అమ్మగారు తిన్న తరువాతనే హార్మోనియం పెట్టె తెరిచేవారు. కుటుంబ ప్రార్థనలో వాక్యం ఆయన చదివితే, కీర్తన ఎత్తుకోవడం మాత్రం అమ్మగారిదే. కూతుళ్లకూ కొడుక్కూ తేడా లేకుండా సంగీతం చెప్పారు. ఆడపిల్ల ముందు నిలబడి పాట నడిపించడమేమిటని కొందరు పెద్దలు ఆక్షేపించిన రోజుల్లోనే తన పెద్దమ్మాయిని హార్మోనియం ముందు కూర్చోబెట్టిన మనిషి ఆయన. భూస్థాపనలకు పిలిస్తే ఎంత దూరమైనా బస్సెక్కి వెళ్లేవారు, దారి ఖర్చులు తీసుకునేవారు కారు.

పాలమూరు వలసల సంగతి పాఠకులకు తెలిసినదే. మా సంఘాల కుటుంబాలు ఎన్నో బొంబాయికి, పుణెకు కూలికి వెళ్లాయి. క్రిస్మస్‌కు తిరిగి వచ్చినవారు సారు ఇంటికి వచ్చి, మరిచిపోయిన చరణాలను మళ్లీ పాడించుకుని పోయేవారు. ఇకమీదట వారు ఎవరి ఇంటికి వెళ్లాలి?

నల్లగొండ, దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల ప్రాంతాల సంఘాలకు నా మనవి ఒక్కటే. పాత వర్ణమెట్లు తెలిసిన పెద్దలు మీ మధ్య ఇంకా ఉంటారు. వారి దగ్గర కూర్చొని, వాద్యాలు లేకుండా, ఒక్కొక్క కీర్తన పూర్తిగా పాడించి ఫోనులోనైనా రికార్డు చేయండి. పాడినవారి పేరు, వారు ఎవరి దగ్గర నేర్చుకున్నదీ దానితో పాటే రాసి ఉంచండి. ఒకే కీర్తన ఊరికొక తీరుగా వినిపిస్తే ఏది సరైనదని వాదించుకోకుండా అన్నిటినీ దాచండి. ఆదివారపు బడిలో కొంత సమయం తాళం వేస్తూ పాడించడానికి కేటాయించండి. సారు చేతితో స్వరాలు రాసుకున్న నోటుపుస్తకాలు వారి కుటుంబం దగ్గర ఉన్నాయి. వాటిని నకలు తీసుకోవడానికి వారు అంగీకరించారు. శనివారపు సాధన ఇప్పుడు పెద్దమ్మాయిగారు నడిపిస్తున్నారు. జిల్లా పేజీలో ఇలాంటి పాత గాయకులను, వారు ఏ మతం వారైనా, అప్పుడప్పుడు పరిచయం చేయవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు,
సారు దగ్గర పాట నేర్చుకున్న ఒక విద్యార్థిని,
మహబూబ్‌నగర్