లారీ యజమానికి పూచీ లేదా?

సంపాదకులకు నమస్కారం.

తాగి లారీ నడిపిన డ్రైవర్ల వార్తలు తరచూ చదువుతుంటాను. వాటిలో యజమాని ఊసే ఉండదు.

నేను డాలస్‌లో ఓ చిన్న ట్రక్కుల కంపెనీలో డ్రైవర్ల ఫైళ్లు చూస్తాను. ఇక్కడ డ్రగ్ పరీక్షలో నెగెటివ్ వచ్చాకే కొత్త డ్రైవరుకు తాళం ఇవ్వాలి. 2020 జనవరి నుంచి డ్రగ్, మద్యం పరీక్షల్లో దొరికిన డ్రైవర్ల వివరాలుండే ‘క్లియరింగ్‌హౌస్’ అనే అమెరికా కేంద్ర ప్రభుత్వ రికార్డు వచ్చింది. ఉద్యోగమిచ్చే ముందు, ఆ తర్వాత ఏటా అందులో వెతకాల్సింది మేమే. పాత కంపెనీలో దొరికిపోయి మా దగ్గర గుట్టుగా చేరదామంటే కుదరదు. ఏడాదికి సగటు డ్రైవర్ల సంఖ్యలో 50 శాతం డ్రగ్ పరీక్షలు, 10 శాతం మద్యం పరీక్షలు లాటరీ తీసినట్టు ఎంపిక చేసి జరపాలి. సొంత ట్రక్కు తానే నడుపుకునేవాడైనా, పలువురు డ్రైవర్లకు కలిపి ఈ పరీక్షలు జరిపించే ‘కన్సార్టియం’ అనే సంస్థలో చేరాల్సిందే. ఈ మాట చెబితే మా బావమరిది, ‘‘నా బండికి నేనే ఓనర్‌ని, నన్నెవరు పరీక్షిస్తారు బావా?’’ అన్నాడు. చివరికి చేరాడు, గొణుక్కుంటూనే.

ఈ పద్ధతిలో లోపాలు లేకపోలేదు. గంజాయి ఆనవాళ్లు మత్తు దిగిన చాలా రోజులకూ మూత్రంలో కనిపిస్తాయి. అయినా ఉద్యోగం పోతుంది.

నిజానికి మద్యం పరిమితి మన దగ్గరే కఠినం. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. ఇక్కడ ట్రక్కు డ్రైవరుకు ఆ గీత 40. కానీ మన పరీక్ష బండి రోడ్డెక్కాక, పోలీసు ఆపితేనే.

కనీసం నేషనల్ పర్మిట్ లారీలకైనా, పనిలో పెట్టుకునే ముందు పరీక్ష యజమాని ఖర్చుతోనే తప్పనిసరి చేయాలని రవాణా శాఖను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, డాలస్, టెక్సస్