టెన్త్ మెమో ఒక్కటీ పట్టుకుని విమానం ఎక్కకండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికా వీసా చేతికి రాగానే హైదరాబాద్ కుటుంబాలు వెతికేది స్కూల్ రేటింగ్. పదికి తొమ్మిదో పదో ఉంటేనే ఆ పేటలో అద్దెలు చూస్తారు. నగరం మధ్యలో ఉన్న చార్టర్ హైస్కూల్ పక్కన నాలుగు కనబడితే దాని పేరు కూడా చదవరు. ఆ అంకెలో పెద్ద వాటా రాష్ట్ర పరీక్షల మార్కులది. ఏడాదిన్నర కిందట ఆ దేశం వచ్చి ఇంకా ఇంగ్లిష్ కూడబలుక్కుంటున్న పిల్లలూ అవే పరీక్షలు రాస్తారు. అంకె తగ్గినంత మాత్రాన అక్కడ చదువు చెప్పడం లేదని కాదు.

వలస వెళ్లే పిల్లల బడి కాగితాలు సరిచూడటం మా పని. అందుకే ఈ ఉత్తరం.

చార్టర్ స్కూల్ అంటే ప్రభుత్వ డబ్బుతో, ప్రైవేటు బోర్డు నడిపే ఫీజు లేని బడి. మొదటి చట్టం 1991లో మిన్నెసోటాలో వచ్చింది, తొలి బడి మరుసటేడు సెయింట్ పాల్‌లో తెరిచారు. మన ఎయిడెడ్ స్కూల్‌కి కొంచెం దగ్గర, కానీ అనుమతి ఇచ్చిన సంస్థతో చేసుకున్న ఒప్పందానికి గడువుంటుంది, సాధారణంగా ఐదేళ్లు. చెప్పిన ఫలితాలు చూపించకపోతే మూసేస్తారు. ప్రవేశ పరీక్ష లేదు, డొనేషన్ లేదు. సీట్ల కన్నా దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీస్తారు. శాన్‌డియెగోలో 2000లో మొదలైన హైటెక్ హై లాంటి చోట లాటరీలో జిప్‌కోడ్‌ని, అంటే మన పిన్‌కోడ్ లాంటిదాన్ని, కూడా లెక్కలోకి తీసుకుంటారు, ఒకే పేట పిల్లలతో తరగతి నిండిపోకుండా. ఇక్కడ సీటు కొనుక్కోవడానికి అలవాటుపడ్డ వాళ్లకు ఇది నమ్మశక్యం కాదు.

మనవాళ్లు మొదట దెబ్బతినేది తేదీల దగ్గర. న్యూయార్క్ రాష్ట్రంలో లాటరీకి దరఖాస్తు గడువు ఏప్రిల్ 1. ఇక్కడ పరీక్షలు ముగించుకుని జూన్‌లో దిగేవాళ్లకు మిగిలేది వెయిటింగ్ లిస్టే. పైగా పదకొండో తరగతిలో ఖాళీ అయిన సీటును చాలా చార్టర్లు మళ్లీ నింపవు. అందుకని ఆ పేటకు చెందిన డిస్ట్రిక్ట్ స్కూల్‌లోనూ, అంటే అక్కడి మామూలు ప్రభుత్వ బడిలోనూ, పేరు రాయించాలి, ఆ బడి కాదనలేదు. వీసా ఏ రకమని అడిగి పిల్లల్ని వెనక్కి పంపడం 1982 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఏ ప్రభుత్వ బడికీ కుదరదు, చార్టర్‌కీ కుదరదు.

అసలు చిక్కు మార్కుల కాగితంతోనే. అక్కడ హైస్కూల్ అంటే 9 నుంచి 12 వరకు, నాలుగేళ్ల మార్కులూ కలిపి జీపీఏ, అంటే సగటు గ్రేడు, కడతారు. మన దగ్గర తొమ్మిదో తరగతి మార్కులు ఎవరికీ పట్టవు, టెన్త్ మెమో పెట్టుకుని బయల్దేరతారు. అక్కడి బడి కౌన్సెలర్ తెరిచే రికార్డులో తొమ్మిదో తరగతి గడి ఖాళీ. క్రెడిట్ అంటే సబ్జెక్టు పూర్తిచేసినందుకు ఇచ్చే పాయింటు, హైస్కూల్ పట్టాకు అవి లెక్కపెడతారు. ఏడాదికి సబ్జెక్టుకో క్రెడిట్ ఇచ్చే రాష్ట్రాల్లో ఆరేడు క్రెడిట్లు అక్కడే గల్లంతవుతాయి. రెండో తంటా స్కేల్. మన మెమోలో 78 గౌరవమైన మార్కే, అక్కడి కంటికి అది సీ ప్లస్. మన పాస్ మార్కు 35 అని, 91 నుంచి ఏ1 అని ఇక్కడి బడి లెటర్‌హెడ్ మీద రాసి ఉంటే ఆ తంటా ఉండదు. ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ చదివి వెళ్లినవాళ్లకు లెక్కల్లో ఢోకా లేదు. అమెరికా చరిత్ర, ప్రభుత్వం, వ్యాయామం, కళలు - ఈ క్రెడిట్లు ఒక్కటీ ఉండవు. అవన్నీ ఆఖరి ఏడాదిలో కుక్కాల్సి వస్తుంది.

టీకాల కార్డు కూడా అంతే. మన ప్రభుత్వ టీకాల్లో తట్టు, రుబెల్లా ఉన్నాయి, గవదబిళ్లలకు లేదు. ఆటలమ్మకూ లేదు. అక్కడి బడులు తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే ఎంఎంఆర్ రెండు డోసులు అడుగుతాయి, రెంటి మధ్య కనీసం 28 రోజులు ఉండాలి. ఇక్కడ పదేళ్లకు ధనుర్వాతం, డిఫ్తీరియాలకు వేసే టీడీని అక్కడి టీడాప్‌గా లెక్కించరు, టీడాప్‌లో కోరింత దగ్గు మందు కూడా ఉంటుంది. ప్రయాణానికి రెండు నెలల ముందే పిల్లల డాక్టర్‌ని కలవండి. చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్నవాళ్లకు టీబీ లేకపోయినా చర్మపరీక్షలో చెయ్యి వాచే వీలుంది, రక్తపరీక్ష చేయమని అడగండి.

ఇవి దాటితే ఆ బడి ఇచ్చేది తక్కువేం కాదు. చాలా చార్టర్లలో పదిహేను ఇరవై మంది పిల్లలకు ఒక టీచర్‌ని అడ్వైజరీ పేరుతో అప్పగిస్తారు. హాజరు తగ్గితే ఇంటికి ఫోన్ చేసేదీ, క్రెడిట్లు లెక్కపెట్టేదీ, కాలేజీ దరఖాస్తులు చదివి పెట్టేదీ ఆ ఒక్కరే. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) అనే కాలేజీ స్థాయి కోర్సులుంటాయి, మే నెలలో పరీక్ష, 5కి 3 వస్తే చాలా కాలేజీల్లో క్రెడిట్. కొన్ని బడులు పక్కనున్న కమ్యూనిటీ కాలేజీలో, అంటే రెండేళ్ల ప్రభుత్వ కాలేజీలో, ఉచితంగా క్లాసులకు పంపుతాయి. చదవడంలో ఇబ్బందో, వినికిడి లోపమో ఉన్న పిల్లలకు ఐఈపీ అనే రాతపూర్వక ప్రణాళిక, దానికి తగ్గ టీచరూ ఉచితం. ఆ ఇబ్బందికి ఇక్కడ చేయించిన పరీక్షల రిపోర్టులు దాచకుండా పట్టుకెళ్లండి.

చేరిక ఫారంలో ఇంట్లో మాట్లాడే భాష ఏదని అడుగుతారు. పిల్లల్ని వెనక బెంచీకి నెడతారేమోనని మనవాళ్లు ఇంగ్లిష్ అని రాసేస్తారు. తెలుగని రాయండి. ఇంగ్లిష్ వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం - నాలుగింటిలో ఒక పరీక్ష పెడతారు. గట్టెక్కితే మామూలు తరగతే, లేకపోతే అదనపు సాయం. వద్దంటే తల్లిదండ్రులు ఆ సాయం మానిపించుకోవచ్చు, ఏటా పరీక్ష మాత్రం తప్పదు. శాన్‌ఫ్రాన్సిస్కో చైనీస్ పిల్లల కేసులో 1974లో వచ్చిన తీర్పు పుణ్యమా అని ఈ సాయం హక్కైంది, దాన్ని మనంతట మనమే వదులుకోవడం దేనికి?

లోపాలు లేవని అనం. మైదానం లేని బడులున్నాయి. టీచర్లు ఏడాదికేడాది మారిపోయే బడులున్నాయి. పసుపు స్కూల్ బస్సు రాకపోవచ్చు. ఫోన్‌లో మూడు ప్రశ్నలు అడగండి: ఒప్పందం ఏ ఏడాది వరకు ఉంది, నిరుడు ఎంతమంది టీచర్లు వెళ్లిపోయారు, పదో వంతు రోజులు, అంటే 180లో 18, బడికి రాని పిల్లలు ఎంతమంది? రేటింగ్ చెప్పని సంగతి ఈ జవాబుల్లో దొరుకుతుంది. శాకాహారులైతే ఇంకొకటి: క్యాంటీన్ పిజ్జా మీద టమాటా చక్రాల్లా ఎర్రగా కనిపించే పెపరోని మాంసమే.

హైదరాబాద్ హెడ్మాస్టర్లకు ఒక విన్నపం. టీసీతో పాటు తొమ్మిది, పది తరగతుల మార్కులు సబ్జెక్టుల వారీగా, స్కేల్‌తో సహా లెటర్‌హెడ్ మీద రాసి, సంతకం, ముద్ర వేసి, అంటించిన కవర్లో రెండు ప్రతులు ఇవ్వండి. రిజిస్టర్ చూసి రాస్తే అరగంట పని.

ఇట్లు,
విదేశీ చదువుల కౌన్సెలర్లు కొందరు,
హిమాయత్‌నగర్, హైదరాబాద్