ఆ రాత్రి మా వాడికి ఇడ్లీ పెట్టినవాళ్లకు

ఈ పోస్టులో పేర్లు ఉండవు. తప్పిపోయి దొరికిన పిల్లల పేరు, ఫొటో బయటికి రాకూడదని చట్టమే ఉందట. తప్పిపోయిన మా అబ్బాయిని మాకు అప్పగించిన మేడమ్ పేరు రాద్దామంటే, "నా పేరెందుకమ్మా, వద్దులే" అంది. సరే, పేర్లు లేకుండానే చెప్తాను.

మాది గుంటూరు. బ్రాడీపేటలో చిన్న టైలరింగ్ షాపు నాది. మా వాడు ఎనిమిదో తరగతి. విజయవాడ దగ్గర ఒక ప్రైవేటు స్కూలు హాస్టల్లో వేశాం. పోయిన నెలలో ఒక ఆదివారం రాత్రి తొమ్మిదింటికి హాస్టల్ నుంచి ఫోన్. "మీ అబ్బాయి ఇంటికొచ్చాడా అండీ?" అని. సాయంత్రం నాలుగింటి నుంచి కనపడలేదట. ఐదు గంటలు ఊరుకుని అప్పుడు మమ్మల్ని అడుగుతున్నారు! వాళ్లతో గొడవ వేరే ఉంది, అది ఇక్కడ రాయను.

మా తమ్ముడి కారులో బయల్దేరాం. మంగళగిరి దాటేదాకా ఎవరమూ నోరు విప్పలేదు. కనకదుర్గ వారధి ఎక్కగానే నేను కళ్లు మూసుకున్నాను. కింద కృష్ణ. అటు చూడబుద్ధి కాలేదు. బస్టాండంతా వెతికి పోలీస్ స్టేషన్‌కి వెళ్లాం. "పొద్దున చూద్దాం" అంటారేమోనని భయపడ్డాను గానీ, రైటరు గారు నా ఏడుపు మధ్యలోనే ఒక్కొక్కటీ అడిగి రాసుకున్నారు. పిల్లలు తప్పిపోతే వెంటనే కేసు కట్టాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పిందని ఆయనే అన్నారు. ఆయనకీ నమస్కారం. ఈలోగా మా మరిది వాడి ఫొటోని దొరికిన ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ పెట్టేశాడు.

పదకొండు దాటాక కొత్త నంబరు నుంచి ఫోన్. "అమ్మా, రైల్వే స్టేషన్ నుంచి, చైల్డ్ హెల్ప్ డెస్క్. మీ బాబు మా దగ్గరున్నాడు. ఇడ్లీ తిన్నాడు." క్షేమంగా ఉన్నాడని చెప్పినా అంత నమ్మేదాన్ని కాదేమో. ఇడ్లీ తిన్నాడు అనేసరికి కాళ్లలో సత్తువ పోయి రోడ్డు పక్కనే కూలబడ్డాను.

వాణ్ని ముందు చూసింది ప్లాట్‌ఫామ్ మీద టీ అమ్మే అతను. స్కూలు బ్యాగు ఒళ్లో పెట్టుకుని ఒక పిల్లాడు కూర్చున్నాడు, రైళ్లు వస్తున్నాయి, పోతున్నాయి, వీడు దేనికీ లేవడం లేదు. అనుమానం వచ్చి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ కొట్టాడట. ఆ స్టేషన్లో రోజూ వేలమంది మధ్య ఆ ఒక్కటి గమనించాడు చూడండి, ఆ అన్నకి ఏమిచ్చి రుణం తీర్చుకోను?

హెల్ప్ డెస్క్ మేడమ్ వెళ్లి పక్కన కూర్చుంటే మా వాడు ఏదో దొంగపేరు చెప్పి, మాది ఏలూరు, నాన్న వస్తాడు అన్నాడట. అబద్ధమని తెలిసినా ఆవిడ "సరే నాన్నా, వచ్చేదాకా ఏమన్నా తిను" అందట. గంట తర్వాత వాడే "అమ్మకి చెప్తే కొడుతుందా?" అని అడిగి నా నంబరు చెప్పాడు.

ఇప్పుడు నేను సిగ్గుపడాల్సిన సంగతి. స్టేషన్‌కి పరుగెత్తుకెళ్లి వాణ్ని పట్టుకుని ఏడ్చి, ఇంటికి తీసుకెళ్తానంటే కుదరదు అన్నారు. 24 గంటల్లోపు ఇలాంటి పిల్లల సంగతి చూసే బాలల సంక్షేమ సమితి ముందు పెట్టాలి, వాళ్లు చెప్తేనే పంపుతాం అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. నా కొడుకుని నాకివ్వడానికి మీరెవరు, డబ్బులు కావాలా అని నలుగురిలో అరిచాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆవిడ ఒక్క మాట తూలలేదు. "మీరే తల్లని నాకు కనపడుతూనే ఉందమ్మా. కాయితం మీద కూడా కనపడాలి. మేనమామలమని చెప్పి వచ్చేవాళ్లనీ చూశాం" అంది. ఆ మధ్యలోనే ఆవిడ ఫోన్ మోగింది. ఫారం నింపుతూనే, "సిరప్ వేశావా? తడిగుడ్డ వెయ్యి, నేను పొద్దున్నే వస్తా" అంది. వాళ్ల బాబుకి జ్వరం. వీళ్లలో చాలామంది ఉద్యోగాలు కాంట్రాక్టువేనని తర్వాత తెలిసింది. వాట్సాప్‌లో తిరుగుతున్న ఫొటో కూడా ఆవిడే తీసేయించింది.

ఆ రాత్రి వాడు పిల్లల వసతి గృహంలో పడుకున్నాడు. మర్నాడు ఆధార్, బర్త్ సర్టిఫికెట్ పట్టుకుని సమితి దగ్గరికి వెళ్లాం. చైర్‌పర్సన్, మరో నలుగురు సభ్యులు ఉంటారట ఆ సమితిలో. ముందు మమ్మల్ని బయట కూర్చోబెట్టి వాడితో విడిగా మాట్లాడారు. వాడికేం కావాలో వాణ్నే అడిగారు. మేం ఎప్పుడూ అడగలేదు. పొద్దున ఐదింటి నుంచి రాత్రి పదిన్నర దాకా చదువు, వారం వారం ర్యాంకులు మైకులో చదవడం... నాకు తెలియనివి కావు. ఇంటికొచ్చేస్తానని మూడుసార్లు ఫోన్లో అడిగాడు. "అందరూ ఉండట్లేదా?" అన్నాను.

మాతో హామీ పత్రం రాయించుకుని వాణ్ని పంపారు. రెండు వారాల తర్వాత గుంటూరులోనే జిల్లా బాలల సంరక్షణ విభాగం నుంచి ఒకమ్మాయి స్కూటీ మీద ఇంటికొచ్చింది, వాడెలా ఉన్నాడో చూడ్డానికి. ఇప్పుడు వీధి చివర స్కూలుకి సైకిల్ మీద వెళ్తున్నాడు. లెక్కల్లో ఇంకా అంతంతమాత్రమే.

మేడమ్‌కి చీర పెట్టబోతే తీసుకోలేదు. ఇడ్లీ డబ్బులూ తీసుకోలేదు. "మీ షాపుకి ఆడవాళ్లు వస్తుంటారుగా, 1098 అని రాసి పెట్టండి చాలు" అంది. ట్రయల్ రూమ్ అద్దం పక్కన పెద్ద అక్షరాలతో అంటించాను. వసతి గృహంలో పిల్లల చొక్కాలకి సగం గుండీలు లేకపోవడం కూడా నా కంటపడింది (టైలర్ కళ్లు కదా). నెలకో ఆదివారం మిషన్ తెచ్చుకుని కుట్టిపెడతానని అడిగాను. దరఖాస్తు పెట్టమన్నారు, పెట్టాను. పర్మిషన్ ఇంకా రాలేదు. గుండీల డబ్బా మాత్రం రెడీగా ఉంది.

మేడమ్, ఆ రాత్రి అన్న మాటకి నలుగురిలోనే క్షమాపణ అడుగుతున్నాను, నలుగురిలోనే అన్నాను కాబట్టి. మీ బాబుకి జ్వరం తగ్గిందా అని కూడా అడగలేదు నేను.

మా వాడు పక్కనే కూర్చుని ఒక ముక్క రాయమంటున్నాడు: "ఆంటీ, పేరు అబద్ధం చెప్పినందుకు సారీ. చట్నీ మాత్రం కారం."