బావకి, మోకాలి కబుర్లతో

ఒరేయ్ బావా,

నీ ఫోను వచ్చిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదురా. "గుజ్జు అరిగిపోయిందన్నారు, ఇక నడక కూడా మానేశాను" అని ఎంత మామూలుగా చెప్పేశావు! కాలవ గట్టు మీద నన్ను ఎప్పుడూ వెనకే ఉంచి పరిగెత్తినవాడివి, ఇప్పుడు పాలప్యాకెట్టుకి కూడా స్కూటర్ తీస్తున్నావంటే మనసు ఒప్పుకోలేదు. ఫోనులో చెబితే "సర్లేరా" అని మాట మార్చేస్తావని కాగితం మీద పెడుతున్నాను. పొడుగైపోతే రెండు పూటలుగా చదువుకో.

ముందు నా కాలి సంగతి. నీకు ఇన్నాళ్లూ సగమే చెప్పాను. "కొంచెం పట్టేసింది" అన్నానే, అది నిజం కాదు.

జూలైలో ఒక ఆదివారం, తెల్లారగట్ట నాలుగున్నరకి ముప్ఫై కిలోమీటర్లు పెట్టుకుని బయల్దేరాను. ఆగస్టు చివర్లో మా హైదరాబాద్ మారథాన్ ఉంటుంది కదా. పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగిసేదాకా ఎక్కడమో దిగడమో తప్ప చదును రోడ్డు తక్కువ. అందుకని ఫ్లైఓవర్లు వెతుక్కుని మరీ ఎక్కి దిగుతున్నాను. తప్పు అక్కడ లేదు, అంతకు ముందే జరిగింది. మే, జూన్ నెలల్లో ఎండలకి, మనవరాలి పనులకి అయిదు వారాలు అసలు పరుగే లేదు. జూలై రాగానే భయం పట్టుకుంది. వారానికి ఇరవై అయిదు కిలోమీటర్లతో మొదలుపెట్టి మూడో వారానికి అరవైకి తీసుకెళ్లాను. గుండె, ఊపిరి తొందరగానే దారికొచ్చాయి. కండరాలు, కీళ్లు అంత తొందరగా రావు, అరవై దాటాక మరీనూ. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను.

ఇరవై నాలుగో కిలోమీటరు, ఫ్లైఓవర్ దిగుతున్నాను. ఎడమ మోకాల్లో లోపలివైపు కలుక్కుమంది. ఎక్కేటప్పుడు తొడ కండ ముడుచుకుంటూ పనిచేస్తే, దిగేటప్పుడు సాగుతూ బ్రేకులా పనిచేస్తుందట. అది అలిసిపోతే ఆ బరువంతా మోకాలే మోయాలి. ఇంకో రెండు వందల మీటర్లు వెళ్లి ఆటో ఎక్కాను. సాయంత్రానికి చిప్ప ఎక్కడుందో ఆనవాలు లేకుండా వాచింది. మెట్లు ఎక్కగలుగుతున్నాను, దిగడమే గండం. మీ చెల్లెలు ఒక్కమాట అనలేదు, ఐసుగడ్డలు తువ్వాలులో చుట్టి కాలి మీద పెట్టి పక్కనే కూర్చుంది.

మొదట చూపించుకున్న డాక్టరు ఎమ్మారై ఫిల్మును లైటుకి పెట్టి చూశారు. నా కాలిని మాత్రం ముట్టుకోలేదు. "లోపలి మెనిస్కస్ చిరిగింది, వచ్చేవారం కీహోల్ ఆపరేషన్ చేసేద్దాం, పరుగు సంగతి ఇక మర్చిపోండి" అన్నారు. రెండు నిమిషాలు పట్టలేదు. కిందికొచ్చి కారులో కూర్చుని తాళం తిప్పకుండా ఎంతసేపు ఉండిపోయానో నాకే తెలీదు.

ఇంకొకరి దగ్గరికి వెళ్లమని మా పరుగు మిత్రుడే పోరుపెట్టాడు. ఆ రెండో డాక్టరు పెద్దాయన. ముందు నన్ను గదిలో అటూ ఇటూ నడిపించారు. పడుకోబెట్టి మోకాలు మడిచారు, తిప్పారు, వేలితో నొక్కుతూ "ఇక్కడా? ఇక్కడా?" అని అడిగారు. చివర్లో ఫిల్ము చూశారు. ఆయన చెప్పింది నువ్వు జాగ్రత్తగా చదవాలిరా, ఈ ఉత్తరం రాస్తున్నదే దానికోసం.

మనం గుజ్జు అని ఒకే మాట అనేస్తాం కానీ అందులో రెండు వేరే వేరే వస్తువులున్నాయి. ఎముక చివర్లకి నున్నటి పూతలా ఉండేది ఒకటి, దాన్నే కార్టిలేజ్ అంటారు. రెండు ఎముకల మధ్య నెలవంక ఆకారంలో అటొకటి ఇటొకటి ఉండే దిండ్లు మెనిస్కస్. ఆ దిండుకి బయటి అంచులోనే రక్తం అందుతుంది. లోపలి భాగం చిరిగితే తనంతట తాను అతుక్కోవడం కష్టం. అయితే మన వయసులో చిరుగు ఉన్నంతమాత్రాన నొప్పి దానివల్లే అనుకోనక్కర్లేదట. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్లో యాభై దాటిన మామూలు జనానికి ఎమ్మారై తీసి 2008లో ఫలితాలు వేశారు. చిరుగు కనిపించినవాళ్లలో 61 శాతం మందికి అంతకు ముందు నెలలో మోకాలి నొప్పే లేదు! ఫిన్లాండ్‌లో ఇంకో పని చేశారు. ఇలా అరుగుదలతో చిరిగిన 146 మందిని తీసుకుని దాదాపు సగం మందికి నిజంగా ఆపరేషన్ చేశారు, మిగతావాళ్లకి కీలు లోపల కెమెరాతో చూసి, ఆపరేషన్ చేసినట్టు నటించారంతే. ఎవరికి ఏది చేశారో రోగులకి చెప్పలేదు. ఏడాది తర్వాత చూస్తే రెండు గుంపులకీ పెద్ద తేడా లేదు. అది 2013లో వచ్చింది. ఆపరేషన్ ఎవరికీ వద్దని కాదు, మోకాలు మడిచినచోటే బిగుసుకుపోయి చాపుకోలేకపోతే వెంటనే పరిగెత్తుకు రమ్మన్నారు. నాకు అలా లేదు. "మూడు నెలలు కండ పెంచు, అప్పుడు మాట్లాడదాం" అన్నారు.

ఇక నీ సంగతి. నీకు అరిగిందన్నది ఆ పూత. దానికి రక్తనాళాలు లేవురా బావా. కీలు లోపల ఉండే జిగురునీళ్లే దానికి ఆహారం. కాలు మీద బరువు పడినప్పుడు స్పాంజిలా పిండుకుంటుంది, బరువు తీసినప్పుడు పీల్చుకుంటుంది. కదలకుండా కూర్చుంటే దానికి తిండి పెట్టేదెవరు? నువ్వు కాపాడుకుంటున్నానని చేస్తున్న పని దాన్ని పస్తు పెట్టడం! పరిగెత్తి పరిగెత్తి అరగ్గొట్టుకున్నావని ఎవరో అన్నారన్నావు చూడు, అది విని నాకు ఒళ్లు మండింది. చాలా అధ్యయనాలు కలిపి లెక్కవేసి 2017లో వేసినదాంట్లో, సరదాగా పరిగెత్తేవాళ్లలో తుంటి, మోకాలి అరుగుదల 3.5 శాతం, అసలు పరిగెత్తనివాళ్లలో 10.2 శాతం. పోటీల స్థాయిలో ఏళ్లతరబడి పరిగెత్తినవాళ్లలో మాత్రం 13.3 ఉంది. నువ్వూ నేనూ ఏ గుంపులోవాళ్లమో వేరే చెప్పాలా?

నా ఫిజియో మన చిన్నదాని వయసు పిల్ల. మొదటిరోజు టేపు తీసి రెండు తొడలూ కొలిచింది. ఎడమది రెండు సెంటీమీటర్లు సన్నం. మూడు వారాల్లో ఎంత కరిగిపోయిందో చూశావా? నొప్పి ఉంటే ఆ కండ తనంతట తానే పని మానేస్తుందట, వాపు ఉంటే ఇంకా ఎక్కువ. మొదట్లో నాచేత ఏం చేయించిందో తెలుసా? మోకాలి కింద మడిచిన తువ్వాలు పెట్టి దాన్ని కిందికి నొక్కి పది లెక్కపెట్టడం. అంతే. నలభై రెండు కిలోమీటర్లు పరిగెత్తినవాణ్ణి, తువ్వాలు నొక్కుతూ కూర్చున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పిల్ల చూసింది, ఏమీ అడగలేదు, "ఇంకో పది, అంకుల్" అంది.

తర్వాత కాలు చాచి పైకెత్తడం, గోడకి వీపు ఆనించి సగం కూర్చోవడం, చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవడం. కుర్చీ వ్యాయామం మొదట్లో ఎనిమిదిసార్లకే ఆగిపోయేది, అదీ ఎడమకాలిని మోసం చేసి కుడికాలితో లేచేవాణ్ణి. ఇప్పుడు పదిహేను చొప్పున మూడు విడతలు, ఒక్కో చేతిలో అయిదు కిలోల డంబెల్‌తో. పిరుదుల కండలు గట్టిపడకపోతే మోకాలు లోపలికి వాలుతుందని వాటికి రబ్బరు బ్యాండు పెట్టి పక్కకి నడిపిస్తుంది. స్విమ్మింగ్ పూల్‌లో నడుముకి బెల్టు కట్టుకుని నేల తగలకుండా పరిగెత్తించింది. ఊపిరి పోకుండా కాపాడింది అదే.

నొప్పికి ఒక లెక్క నేర్పింది. పదికి మూడు దాకా ఉంటే భయపడకు, కానీ మర్నాడు పొద్దున లేచేసరికి అది ముందురోజు స్థాయికి తగ్గి ఉండాలి. తగ్గకపోయినా, వాపు కనిపించినా ఒక మెట్టు వెనక్కి. ఇది నువ్వు గోడమీద రాసిపెట్టుకో. నొప్పి వచ్చిందంటే ఏదో విరిగిపోతోందనే భయం ముందు నీ బుర్రలోంచి పోవాలి.

ఆగస్టు సంగతి రాయకుండా దాటేద్దామనుకున్నాను, నీకు కాకపోతే ఇంకెవరికి రాస్తాను? కోవిడ్ ఏడాదులు తప్పిస్తే 2014 నుంచి ఒక్క హైదరాబాద్ మారథాన్ వదల్లేదు నేను. ఈసారి ఇంట్లో కూర్చోలేక వాలంటీరుగా వెళ్లాను. దుర్గం చెరువు తీగల వంతెన దాటాక ఒక నీళ్ల పాయింటు. రాత్రి కురిసిన వానకి రోడ్డంతా తడి, గాలి లేదు, ఉక్క. ఎలక్ట్రాల్ నీళ్లు కలిపాను, అరటిపళ్లు ముక్కలు కోశాను, ఉప్పు పొట్లాలు కట్టాను. కొత్త పిల్లలు వస్తున్నంతసేపు బాగానే ఉంది. మా అరవై దాటినవాళ్ల బృందం దూరాన కనిపించేసరికి తల ఎత్తలేకపోయాను. అట్టపెట్టె విప్పుతున్నట్టు కిందికి వంగాను. వాళ్లలో ఒకాయన ఆగి, నా చేతిలో గ్లాసు తీసుకుని, నా భుజం మీద చెయ్యి వేసి, మాట లేకుండా వెళ్లిపోయాడు. ముప్ఫైల్లో వాళ్లకైతే వచ్చే ఏడాది ఉందిలే అంటే ధైర్యం. నాకు అరవై రెండురా. ఫుల్ మారథాన్ పరిగెత్తగల సీజన్లు ఇంకా ఎన్నున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టుకునే వయసు. అందులో ఒకటి నా కళ్లముందే, నేను నీళ్లందిస్తుండగా వెళ్లిపోయింది.

కెనడాలో ఎడ్ విట్‌లాక్ అని ఒకాయన ఉండేవారు, ఎప్పుడైనా చెప్పానా? 2003లో, 72 ఏళ్ల వయసులో 2 గంటల 59 నిమిషాల 10 సెకన్లలో మారథాన్ పూర్తి చేశారు. డెబ్భై దాటి మూడు గంటల్లోపు పరిగెత్తిన మొదటి మనిషి. మరుసటి ఏడాది 2:54:48. మోకాలి బాధ ఆయన్నీ నెలల తరబడి ఆపేసింది. అయినా తన ఇంటి దగ్గరున్న శ్మశానంలో చెట్లనీడన గంటల తరబడి చుట్లు తిరిగేవారు. 2016లో, 85 ఏళ్లకి 3:56:34. ఆయన వేగం మనకి ఎందుకు, నన్ను పట్టుకుంది ఆ చుట్లే. చూసేవాళ్లు లేరు, మెడల్ లేదు, రోజూ అదే దారి. తువ్వాలు నొక్కిన రోజుల్లో ఆయన్నే తలుచుకున్నాను.

ఇక ముంబై మారథాన్. జనవరి మూడో ఆదివారం కదా. నొప్పి ఇంకా ఉండగానే, నిరుటి టైమింగ్ సర్టిఫికెట్ పెట్టి ఫుల్‌కి రిజిస్టర్ చేశాను, ఎవరికీ చెప్పలేదు. ఎప్పటికైనా ఆ పరుగు మొదలయ్యే సీఎస్ఎంటీ రైల్వేస్టేషన్ దగ్గర చీకట్లో నిలబడాలన్నది నా కోరిక, నీకు తెలుసు. ఇప్పుడు నేను నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక చొప్పున ఏడు కిలోమీటర్లు చేయగలుగుతున్నాను. ఉన్నవి ఎనిమిది వారాలు. బృందంలో ఒక కుర్రాడు "మాత్ర వేసుకుని లాగించేయండి సార్" అన్నాడు, ప్రేమతోనే. ఒళ్లు ఎండిపోయి ఉన్నప్పుడు నొప్పి మాత్రలు కిడ్నీల మీద ఎంత దెబ్బ కొడతాయో వాడికి చెప్పాను. పైగా నొప్పే నాకు దారి చెప్పేది, దాన్ని నోరు నొక్కేస్తే ముంబైలో ఆ పెడ్డర్ రోడ్డు ఎత్తు ఎక్కి దిగేటప్పుడు ఎవర్ని అడగను? పదిరోజులు నాలో నేను కొట్టుకున్నాను. మొన్న కార్తీక సోమవారం దీపాలు పెట్టాక మీ చెల్లెలితో చెప్పేశాను, ఈసారి ముంబై వెళ్లడం లేదని. చెప్పాక గుండె బరువు దిగిందని అబద్ధం రాయను. ఇంకా నొప్పిగానే ఉంది. కానీ నిర్ణయం మారదు.

దాని బదులు నీ దగ్గరికి వస్తున్నాను. డిసెంబరులో మీ వైజాగ్‌లో నేవీ వాళ్ల మారథాన్ ఉంది కదా, అందులో అయిదు కిలోమీటర్లది ఉంటుంది. ఇద్దరి పేర్లూ ఇచ్చాను. కోప్పడకు. మొత్తం నడిచినా సరే. ఆర్కే బీచ్ రోడ్డు మీద, పొద్దున్నే, నీ పక్కన. నొప్పి మూడు దాటితే ఎక్కడికక్కడ ఆగి సముద్రం చూస్తూ కూర్చుందాం, చెల్లెమ్మని ఫ్లాస్కులో కాఫీ తెమ్మను.

అప్పటిదాకా నువ్వు చేయాల్సింది. ముందు ఒక మంచి ఫిజియోకి చూపించుకో. డాక్టరు కాలు ముట్టుకోకుండా మాట్లాడితే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లు. రోజూ పది నిమిషాల నడకతో మొదలుపెట్టు, చదును నేల మీద. మెట్లు ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు నొప్పికాలు ముందు, చెయ్యి రెయిలింగు మీద. ఆ నీక్యాప్ పొద్దస్తమానం బిగించుకుని ఉండకు. ఇంకొకటి, ఎత్తయిన కుర్చీలో కూర్చుని చేతులు కట్టుకుని లేవడానికి ప్రయత్నించు. అర నిమిషంలో ఎన్నిసార్లు లేచావో లెక్కపెట్టి నాకు రాయి. ఎంత తక్కువైనా సరే, ఉన్న అంకె రాయి.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు తీశాను, కింది బెర్తు దొరికింది. స్టేషనుకి స్కూటర్ మీద రాకు. నేనే ఆటోలో వచ్చేస్తాను, నువ్వు మీ వీధి చివరిదాకా నడిచి వచ్చి నిలబడు చాలు.

నీ
బావ