గేటు దగ్గర ఫోన్, వాట్సాప్‌లో పాఠం

సంపాదకులకు నమస్కారం.

మా అన్న కూతురు రేణిగుంట వైపు ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో చేస్తోంది. సోల్డరింగ్ ఎక్కడ తప్పుతుంది, మెషిన్ ఎర్రర్ చూపిస్తే ఏం నొక్కాలి అనే ట్రైనింగ్ వీడియోలన్నీ షిఫ్టు అయిపోయాక వాట్సాప్‌లో పంపుతారు. డ్యూటీలో మాత్రం ఫోన్‌కి కెమెరా ఉంది కాబట్టి గేటు దగ్గరే ఇచ్చేయాలి. పని దగ్గర పాఠం ఉండదు, బస్సులో కునుకు తీసేటప్పుడు ఉంటుంది!

డిజైన్లు బయటికి పోతాయన్న భయం న్యాయమే, కాదనను. కానీ కంపెనీ ట్యాబ్‌లో కెమెరా పనిచేయకుండా లాక్ చేసే సాఫ్ట్‌వేర్లు ఎప్పట్నుంచో ఉన్నాయి కదా, అలాంటిది లైన్‌కొకటి పెట్టి, ఎర్రర్ నంబర్ కొడితే నిమిషం వీడియో వచ్చేలా చేస్తే సూపర్‌వైజర్ కోసం వెతుక్కునే టెన్షన్ సగం పోతుంది. అరగంట పాఠాలు ఎవరికి గుర్తుంటాయండీ?

అదీ తెలుగులో ఉండాలి. ఇప్పుడొచ్చేవి ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటున్నాయి. సత్యవేడు వైపు నుంచి వచ్చే పిల్లలకైతే తమిళంలో కూడా ఇవ్వొచ్చు. టీచర్ల కోసం 2017లో వచ్చిన దీక్షా యాప్‌లో తెలుగు పాఠాలు ఉన్నప్పుడు ఫ్యాక్టరీలకు ఏం కష్టం?

ఇంటికెళ్లి చూడమంటే మాత్రం ఆ టైమ్ డ్యూటీ కింద లెక్క కట్టాలి, డేటా డబ్బులూ ఇవ్వాలి. కార్మిక శాఖ అధికారులు తనిఖీకి వెళ్లినప్పుడు ఈ సంగతి కూడా అడగాలి.

— ఒక పాఠకుడు, ఏర్పేడు, తిరుపతి జిల్లా