అర్ధరాత్రి మా గేటు గడియ

సంపాదకులకు నమస్కారాలు.

రాత్రి పది దాటాక తలుపు తట్టిన ముక్కూ మొహం తెలియని మనిషికి బదులు పలకనే కూడదని, దీపాలార్పి ఊరుకోవడమే క్షేమమని ఇటీవల మీ పత్రికలో ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం చదివాను. ఆవిడ భయం నాకు అర్థమైంది గానీ, ఆ సలహాతో మాత్రం ఏకీభవించలేకపోతున్నాను. గుంటూరు బ్రాడీపేటలో నాలుగో లైను, ఒకటో అడ్డరోడ్డు కలిసే మూల మీద ముప్ఫై ఏళ్లుగా కాపురముంటున్నవాణ్ణి గనుక, వేళగాని వేళ గేటు గడియ చప్పుడు వినడం నాకు కొత్త కాదు.

పొరుగూరి పాఠకుల కోసం ఒక మాట చెప్పాలి. మా పేటలో చిరునామా అంటే రెండు అంకెలే. 4/1 అంటే నాలుగో లైను, ఒకటో అడ్డరోడ్డు అని. పొరుగునే ఉన్న అరండల్‌పేటలోనూ ఇదే లెక్క. పేట పేరు అడగకుండా అంకెలు మాత్రమే పట్టుకొచ్చిన మనిషి, ఏ పేటలో దిగాడన్నదాన్ని బట్టి తాను వెతికే గుమ్మం ముందో, మా గుమ్మం ముందో తేలతాడు. పగలైతే టీ కొట్టు దగ్గరో, ఇస్త్రీ బండి దగ్గరో ఎవరో ఒకరు సరిదిద్దుతారు. రాత్రి ఒంటిగంటకు ఆ పని చేసేవారెవరు?

ఎనిమిదేళ్ల కిందట, చలికాలం, సరిగ్గా ఆ వేళకే గడియ చప్పుడైంది. కిటికీ రెక్క ఓరగా తీసి చూస్తే, పంచె మోకాళ్ల దాకా ఎగ్గట్టి, తలకు తువ్వాలు చుట్టుకున్న పెద్దాయన ఒకరు కనిపించారు. ఒక చేతిలో స్టీలు క్యారియరు, చంకలో దుప్పటి. గేటును బాదడం లేదు. గడియను రెండు వేళ్లతో ఎత్తి వదులుతున్నారు, నిద్ర చెడగొట్టడానికి మొహమాటపడుతున్నట్టుగా. నేను దీపం వెయ్యలేదు, పలకలేదు. పది నిమిషాలు అలాగే చీకట్లో నిలబడ్డాను. ఆ పది నిమిషాలు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. చివరికి మా ఆవిడే లేచి, కిటికీలోంచి ఎవరు కావాలని అడిగింది. "డాక్టరమ్మగారి ఆసుపత్రి ఇదేనామ్మా? మా అమ్మాయిని పొద్దుగూకినాక పురిటికి తీసుకొచ్చారంట" అన్నారాయన. చీటీ చూపించమంటే ఊచల మధ్య నుంచి అందించారు. బస్సు టిక్కెట్టు వెనక బాల్‌పెన్నుతో 4/1 అని ఉంది, అంతే. ఆటో అతను అంకెలు చూసి మా మూల మీద దింపి వెళ్లిపోయాడట. స్కూటరు తీసి ఆయన్ను అరండల్‌పేటలో దింపేసరికి తెల్లవారుజాము రెండు కావస్తోంది. క్యారియరులో ఉన్నది బాలింతకు పెట్టే కారప్పొడీ నెయ్యీ అని దారిలో చెప్పారు. పిల్ల ఇంకా నొప్పులు పడుతూనే ఉందని పాపం ఆయనకు తెలియదు.

ఇలా వచ్చినవారంతా దారి తప్పినవారేనని నేననను. ఒక వేసవి రాత్రి నడివయసు స్త్రీ ఒకామె గేటు దగ్గర నిలబడి మంచినీళ్లు అడిగింది. ఊచల్లోంచి చెంబు అందిస్తే తాగి, మిగిలిన నీళ్లతో చెంబు కడిగి, గోడ మీద బోర్లించి వెళ్లిపోయింది. ఎవరో, ఆ వేళ ఎక్కడి నుంచి ఎక్కడికో నేటికీ మాకు తెలియదు. 1990ల్లో మన ఊళ్లలో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని సుద్దతో రాసుకున్న రోజులే గనుక అయితే, ఆమెకు చెంబెడు నీళ్లు కూడా దొరికేవి కావేమో.

జాగ్రత్త అక్కర్లేదనీ అనను. 2021 డిసెంబరులో విజయవాడ, తాడేపల్లి చుట్టుపక్కల చెడ్డీ గ్యాంగ్ తిరిగిందన్నప్పుడు మేమూ గడపకు అడ్డంగా బల్ల జరుపుకుని పడుకున్నాం. అయితే అటువంటి ముఠాలు గడియ చప్పుడు చేసి ఇంటివారిని లేపవు. మనుషులు లేని చోటో, నిద్రలో ఉన్న చోటో చూసి తలుపు పగలగొడతాయి. పసిబిడ్డ ఏడుపు వినిపించి తలుపు తీయిస్తారన్న వాట్సాప్ కబుర్లు సరే, వాటికైనా జవాబు కిటికీలోంచి మాట్లాడటమే. పలకడం వేరు, తలుపు తీయడం వేరు. వరండా దీపం వేసి, లోపలి నుంచే నాలుగు మాటలడిగితే సగం సంగతి తేలిపోతుంది. అప్పటికీ అనుమానం తీరకపోతే 112కు ఫోను చేయడానికి మన చేతులు ఖాళీగానే ఉంటాయి. దీపమార్పి నోరు మూసుకుంటే మాత్రం, బయట ఉన్నవాడు దొంగే అయిన పక్షంలో ఇంట్లో ఎవరూ లేరని మనమే చెప్పినట్టవుతుంది. ఈ సంగతి ఆ పాఠకురాలు ఆలోచించినట్టు లేదు.

ఇక నా విన్నపం మా రెండు పేటలవారికీ, ముఖ్యంగా ఆసుపత్రుల్లో చీటీలు రాసేవారికీ. అంకెల ముందు పేట పేరు కూడా రాయండి. అందుకు పట్టేది ఒక్క క్షణం. పెళ్లి శుభలేఖ మీద ఇంటిపేర్లన్నీ వేయించేవారు కూడా విడిది చిరునామా దగ్గరికొచ్చేసరికి పొదుపు పాటిస్తారెందుకో! ఇళ్లవారు గేటు మీద నెంబరొక్కటే కాకుండా పేట పేరునూ జానెడు తెలుగు అక్షరాల్లో రాయించి, దాని మీద పడేలా ఒక చిన్న బల్బు పెట్టుకుంటే మంచిది.

మేము ఆ పెద్దాయన వచ్చిన మరుసటి నెలలోనే రాయించాం. కిందటి వారం మళ్లీ రాత్రి పన్నెండున్నరకు గేటు ముందు మోటారు సైకిలు ఆగింది. కుర్రవాడొకడు దిగి గడియ మీద చెయ్యి వేశాడు, తలెత్తి "బ్రాడీపేట" అని పైకే చదువుకున్నాడు, ఫోనులో ఎవరితోనో "అవతలి పక్కంట" అని చెప్పి బండి వెనక్కి తిప్పాడు.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
బ్రాడీపేట 4/1, గుంటూరు.